పేరు కత్తిరించిన మాత్ర

మా మామయ్యని వీధిలో అందరూ సగం మాత్ర అంటారు. ఎదురుగా కాదు, ఆయన అటు తిరిగాక. ఎదురుగా అయితే "పెద్దాయనా" అంటారు. అవసరం మరీ ఎక్కువగా ఉన్నవాళ్ళు "డాక్టరుగారూ" అంటారు. ఆ పిలుపు విన్న రోజు ఆయన రెండు ముద్దలు ఎక్కువ తింటారు.

ఆయన జీవితమంతా ఒక మందుల దుకాణం కౌంటరు వెనక నిలబడి మాత్రలమ్మిన మనిషి. దుకాణం ఆయనది కాదు, మందుల చదువూ చదవలేదు. అయినా చీటీ రాసిన డాక్టరు కన్నా చీటీ అందుకున్న తనకే ఎక్కువ తెలుసని నమ్మకం. ఎవరు ఏ బాధ చెప్పుకున్నా "సగం వేసుకో, చాలు" అనేవారట. పని మానేశాక కౌంటరు పోయింది గానీ అలవాటు పోలేదు. మా ముందుగదిలో ఆయన కుర్చీ, కుర్చీ పక్కన స్టూలు మీద ఒక పాత బిస్కెట్ల డబ్బా, డబ్బాలో కత్తెరతో ఒక్కొక్కటిగా కత్తిరించి పెట్టుకున్న మాత్రలు. మాత్రల అట్టని అలా ముక్కలు చేస్తే పేరు ఒక ముక్క మీదికీ, గడువు తేదీ ఇంకో ముక్క మీదికీ పోతాయి. మిగతా మాత్రలు అనామకంగా ఉండిపోతాయి. ఆయనకి పేర్లతో పనిలేదు, రంగూ వాటమూ చూసి గుర్తుపట్టేస్తారు.

నేను ఆ ఇంటి కోడలిని. కళ్ళద్దాల దుకాణంలో పని. పొద్దస్తమానం జనంతో చిన్న చిన్న అక్షరాలు చదివించే నాకు ఆ పేరులేని ముక్కల్ని చూస్తే ఒళ్ళు మండేది. ఒకసారి ఉండబట్టలేక, "మామయ్యా, కత్తిరించకుండా ఉంచితే ఏ మాత్ర ఏదో మాకూ తెలుస్తుంది కదా" అన్నాను.

"పేరు చూసి మందు గుర్తుపట్టేవాడు కొనేవాడమ్మాయ్, అమ్మేవాడు కాదు" అన్నారు.

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనేవాళ్ళతో నాలుగో కాలు గురించి వాదించి లాభం లేదని ఊరుకున్నాను.

మనుషుల వైద్యంతో ఆగితే బాగుండేది. ఎదురింటి కుక్క ఒకరోజు కందిరీగల తుట్టెలో మూతి పెట్టింది. మూతి ఉబ్బి, కళ్ళు పూడుకుపోయి, అది మొరగడం కూడా మర్చిపోయింది. ఆ ఇంటివాళ్ళు కంగారుగా మామయ్య దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. ఆయన కుక్క బరువు అడిగి, వేళ్ళ మీద లెక్కవేసి, అలర్జీ మాత్ర సగం విరిచి ఇచ్చారు. సాయంత్రానికి వాపు తీసింది. నిజం చెప్పుకోవాలి, ఆ రోజు ఆయన ఇచ్చింది సరైన మందే, ఇంకేదీ కలవని ఉత్త అలర్జీ మాత్ర. కానీ ఆ రోజుతో ఆయనకి రెండు కొమ్ములు మొలిచాయి. కుక్క గోక్కుంటే సగం మాత్ర, కుక్క తుమ్మితే సగం మాత్ర. మాత్ర వేస్తే కుక్కలు మత్తుగా పడుకునేవి, పడుకున్న కుక్క ఎలాగూ గోక్కోదు కాబట్టి జబ్బు తగ్గిందనుకునేవారు. పేనుకి పెత్తనమిస్తే తలంతా కొరికిందని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు.

మా ఇంట్లో ఉన్నది పిల్లి. మా అత్తయ్య పిల్లి. దాన్ని మేమంతా దొరసాని అనేవాళ్ళం. నడక అలాంటిది, చూపు అంతకన్నా అలాంటిది. ఇంట్లో ఎవరు పిలిచినా చెవి కూడా కదిపేది కాదు, అత్తయ్య వెనకాల మాత్రం పిలవక్కర్లేకుండానే తిరిగేది. మధ్యాహ్నం పనులయ్యాక అత్తయ్యా, దొరసానీ కలిసి పక్కింటికి వెళ్ళేవాళ్ళు. పక్కింట్లో ఉండేది బట్టలు కుట్టే ఆవిడ, ఒంటరి మనిషి. మిషను పక్కన అత్తయ్యకొక పీట, గుడ్డ పీలికల బుట్టలో దొరసానికొక చోటు. అక్కడ ఉన్నంతసేపూ అత్తయ్య నవ్వడం గోడ ఇవతల మాకు వినిపించేది. మా ఇంట్లో ఆవిడ అంత గట్టిగా నవ్వగా నేను వినలేదు. ఇంట్లో ఆవిడ మాట్లాడేది తక్కువ. మామయ్య ఏదైనా చెప్తే చివర "అవునండీ" అనడం ఆవిడ వంతు.

దొరసానికి మెడ దగ్గర దురద పట్టుకుంది. గోకీ గోకీ వెంట్రుకలు ఊడి, చర్మం ఎర్రగా పుండైంది. అత్తయ్య మామయ్యని అడక్కుండా, పెళ్ళయ్యాక మొదటిసారి అనుకుంటా, నన్ను వెంటపెట్టుకుని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. దువ్వెనతో దువ్వి చూసి పిడుదులు కుట్టిన అలర్జీ అంది. మెడ మీద వేసే చుక్కల మందు ఇచ్చింది, దురదకి చిన్న తెల్ల మాత్రలు ఇచ్చింది.

"ఈ మాత్ర కొన్ని పిల్లులకి పనిచేస్తుంది, కొన్నిటికి చెయ్యదమ్మా. కాస్త మత్తుగా ఉంటే కంగారుపడకండి. ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకోండి. మనం వేసుకునే జలుబు మాత్రల్లో కూడా ఇలాంటి దురద మందే ఉంటుంది, కానీ దాంతోపాటు జ్వరం మందు కలుపుతారు. ఆ జ్వరం మందు పిల్లికి విషం. ఒక్క మాత్రలో కొంచెం చాలు. ఇంట్లో ఉన్నవి ఏవీ వెయ్యొద్దు" అంది.

అత్తయ్య ఇంటికొచ్చి ఆ మాట పొల్లుపోకుండా మామయ్యకి చెప్పింది. చెప్పకుండా ఉండాల్సింది.

"విషమా?" అన్నారు మామయ్య. "నీకు జలుబు చేసినప్పుడల్లా నేనిచ్చేది అదే కదే. నువ్వు బతికే ఉన్నావుగా?"

మా ఆయన నవ్వాడు. అత్తయ్య అలవాటు కొద్దీ "అవునండీ" అంది.

మాత్రలు వేస్తుంటే దొరసాని గోక్కోవడం తగ్గింది. మెడ మీద నూగు వెంట్రుకలు కూడా వచ్చాయి. ఆ మాత్రలు అయిపోయిన రోజు ఆసుపత్రికి సెలవు. మర్నాడు వెళ్దామనుకుంది అత్తయ్య. మళ్ళీ గోక్కోవడం మొదలైంది. ఆ గోకుడు చప్పుడుకి మామయ్య పేపరు మడిచి పక్కన పెట్టారు. తర్వాత జరిగింది నేను చూడలేదు, దుకాణంలో ఉన్నాను. అత్తయ్య ఆ తర్వాత వారమంతా కొంచెం కొంచెంగా చెప్పింది.

ఆయన డబ్బాలోంచి ఒక పసుపు మాత్ర తీశారట. "ఆ పిల్ల ఇచ్చిన మందే ఇందులోనూ ఉంది" అన్నారట. వంటింటి తూకం తెప్పించి దొరసానిని తూచారట. బరువు చూసి లెక్కవేశారట. దురద మందు లెక్క బాగానే వేసుంటారు, ఆయన లెక్కల్లో ఎప్పుడూ గట్టివారే. పక్కన కలిసి ఉన్నదాని లెక్క ఎవరు వెయ్యాలి?

"రేపు డాక్టరమ్మని ఒక్క మాట అడిగి వేద్దామండీ" అందట అత్తయ్య.

"నేను మాత్రలమ్మే రోజుల్లో ఆ పిల్ల ఇంకా పుట్టలేదు. నోరు తెరిచి పట్టుకో."

అత్తయ్య పట్టుకుంది. దొరసాని మామయ్య చేతిలోంచి ఏదీ తినదు. అత్తయ్య పెడితేనే తింటుంది. అందుకే అత్తయ్యే నోరు తెరిచింది, అత్తయ్యే గొంతు నిమిరి మింగించింది. ఆ సంగతి చెప్పినప్పుడల్లా ఆవిడ తన చేతులు చూసుకునేది.

మధ్యాహ్నం దాటాక దొరసాని మొహం ఉబ్బింది. ముందు పాదాలు కూడా ఉబ్బాయి. "చూశావా, అలర్జీ ముదిరింది. సగం చాల్లేదు" అన్నారట మామయ్య. కందిరీగ కుట్టిన కుక్క మొహం ఆయన కళ్ళలో ఉంది మరి. అదే పసుపు మాత్రలో రెండో సగం వేయించారు. విషం చూపించిన వాపుకి మళ్ళీ ఆ విషాన్నే మందుగా వేశారు.

నేను ఇంటికొచ్చేసరికి దొరసాని వంటింటి గడప దగ్గర పడి నోరు తెరుచుకుని ఊపిరి తీస్తోంది. మామయ్య కుర్చీలోంచి "మత్తు అంతే, డాక్టరమ్మ కూడా మత్తుంటుందని చెప్పిందన్నారుగా" అన్నారు. సెలవైతే సెలవు, డాక్టరమ్మ ఇల్లు ఆసుపత్రి వెనకే. పిల్లిని తువ్వాలులో చుట్టుకుని అత్తయ్యా నేనూ ఆటోలో వెళ్ళాం.

డాక్టరమ్మ ఆసుపత్రి తలుపు తెరిచి, దొరసాని పెదవి పైకెత్తి చిగుళ్ళు చూసింది. గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్ళు మట్టి రంగులో ఉన్నాయి. "ఏం వేశారు?" అంది. అత్తయ్య కొంగు ముడి విప్పి అట్ట ముక్క ఇచ్చింది. ఖాళీ ముక్క, దాని మీద ఒక్క అక్షరం లేదు.

"పేరేదమ్మా?"

పేరు ఇంట్లో డబ్బాలో ఉంది, ఇంకో ముక్క మీద. నేను మామయ్యకి ఫోను చేసి డాక్టరమ్మకి ఇచ్చాను. గదిలో నిశ్శబ్దంగా ఉంది కాబట్టి అవతలి మాటలు కూడా వినబడ్డాయి.

"ఏం మాత్ర వేశారండీ?"

"అలర్జీ మాత్ర."

"అందులో జ్వరం మందు కలిసుందా? కాస్త సరిగ్గా చెప్పండి. ఉంటే విరుగుడు వేరే ఉంది, పెద్ద ఆసుపత్రి నుంచి ఇప్పుడే తెప్పించాలి."

ఆయన వెంటనే చెప్పలేదు. ఆ కాస్త ఆలస్యం నేను విన్నాను. అత్తయ్య కూడా విన్నది.

"లేదు" అన్నారు.

తెలియకపోతే తెలియదని అనొచ్చు. చూసి చెప్తానని అనొచ్చు, డబ్బా చేతికందే దూరంలోనే ఉంటుంది. లేదన్నారు. డాక్టరమ్మ దొరసాని మూతికి ఆక్సిజన్ గొట్టం పెట్టి, వాపుకి ఇంజెక్షన్ ఇచ్చింది. అయినా ఆ పిల్లకి నమ్మకం కుదరలేదు. "ఆ అట్టలో మిగతా ముక్క తేగలరా?" అని నన్నడిగింది. నేను ఆటోలో ఇంటికొచ్చి, మామయ్య "ఏంటమ్మాయ్, ఏంటది" అంటుండగానే డబ్బా నేల మీద బోర్లించి, ఖాళీ ముక్క అంచుకి అంచు కలిసే ముక్క కోసం వెతికాను. దొరికింది. రోజూ కళ్ళద్దాలు అమ్మే నాకు కూడా ఆ అక్షరాలు చదవడానికి కళ్ళు చిట్లించాల్సి వచ్చింది. దురద మందు పేరు చివర్లో ఉంది. మొదటి పేరు జ్వరం మందుది.

నేను తిరిగి వెళ్ళేసరికి అత్తయ్య బెంచీ మీద కూర్చుని ఉంది. ఒళ్ళో తువ్వాలు మడతపెట్టి ఉంది. మడత చూసి నాకు విషయం అర్థమైంది.

డాక్టరమ్మ ఆ ముక్క చదివి, "ఫోనులో ఈ మాట చెప్పుంటే ప్రయత్నించేదాన్ని. బతికేదని చెప్పలేను. ప్రయత్నించేదాన్ని" అంది. ఆవిడ గొంతులో కోపం ఉంది, అది మా ఇద్దరి మీదా కాదని తెలిసినా నాకు సిగ్గేసింది.

ఇంటికొచ్చాం. మామయ్య మా మొహాలు చూశారు. "ఎక్కడో ఎలుకల మందు తినుంటుంది. ఎప్పుడూ పక్కింటి గుడ్డల బుట్టలోనే కదా దాని కాపురం. ఆవిడ గుడ్డల్ని ఎలుకలు కొరుకుతున్నాయని మందు పెట్టుంటుంది" అన్నారు.

నేను నోరు తెరిచేలోపు మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళాడు. "నాన్నకి తెలుసు. మొహం చూడలేదా? వయసైపోయినాయన, మొహం మీద అంటే తట్టుకోలేడు. పోయిన పిల్లి ఎలాగూ రాదు" అన్నాడు.

"పక్కింటావిడ మాటో?"

"అదేదో నోరుజారి అన్నాడు. మర్నాటికి ఆయనే మర్చిపోతాడు."

మర్చిపోలేదు. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు, డబ్బా దగ్గరికి వచ్చిన ప్రతివాళ్ళకీ ఆ కథే చెప్పారు. ముందు "పెట్టుంటుంది" అన్నది తర్వాత "పెట్టింది" అయింది, ఆ తర్వాత "కావాలనే పెట్టింది" అయింది. పిల్లలున్నవాళ్ళు ఆ ఇంటి ముందు నుంచి పిల్లల్ని చెయ్యి పట్టుకుని నడిపించడం మొదలుపెట్టారు. కుట్టడానికి ఇచ్చిన గుడ్డలు కుట్టకుండానే వెనక్కి తీసుకెళ్ళినవాళ్ళూ ఉన్నారు. పక్కింటావిడ ఒకసారి గోడ దగ్గరికొచ్చి "వదినా" అని పిలిచింది. అత్తయ్య వంటింట్లో నిలబడి విన్నది. వెళ్తే నిజం చెప్పాలి, నిజం చెప్తే మొగుడి పరువు పోతుంది, అబద్ధం ఆడటానికి ఆవిడకి నోరు రాదు. మింగలేక కక్కలేక అక్కడే నిలబడిపోయింది. ఇంకోసారి పిలుపు రాలేదు. ఆ వైపు కిటికీ రెక్కలు మూసుకున్నాయి. మధ్యాహ్నాలు మా ఇంట్లో గోడ గడియారం చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు.

నాకు అందరి మీదా కోపమే. మామయ్య మీద, మా ఆయన మీద, చివరికి అత్తయ్య మీద కూడా. ఒకరోజు ఆ రెండు ముక్కలూ ఆవిడ ముందు పెట్టి, "ఎన్నాళ్ళు దాస్తారత్తయ్యా?" అని గట్టిగానే అడిగాను. ఆవిడ వాటిని తీసి నా చేతిలోనే పెట్టి, గుప్పిట మూసి, "నీ దగ్గరుంచు" అంది.

తర్వాత ఒక ఆదివారం, అందరం ఇంట్లో ఉన్నప్పుడు, వీధి చివర కొత్తగా దిగినావిడ సంచిలో పిల్లికూనని తెచ్చింది. సంచిలోంచి తల మాత్రం బయటపెట్టి అది చెవి గోక్కుంటోంది.

"డాక్టరుగారూ, మీరు మూగజీవాలకి కూడా మందిస్తారటగా" అంది.

మామయ్య ముఖం వెలిగింది. దొరసాని పోయాక ఎవరూ పిల్లిని తేలేదు మరి. కూన బరువు అడిగారు, వేళ్ళ మీద లెక్కవేశారు, డబ్బా మూత తీశారు. ఏం తీస్తారోనని నేను చూస్తున్నాను. ఏ మాత్రకీ పేరు లేదు. పసుపు రంగుది తీశారు. తెలిసి తీశారో, పసుపు మాత్రల్లో ఏది ఏదో నిజంగానే తెలియక తీశారో ఈ రోజుకీ నేను చెప్పలేను. రెండిట్లో ఏది నిజమైనా నాకు ఆయన్ని క్షమించబుద్ధి కాలేదు. విరవడానికి గోరు ఆనించారు.

అత్తయ్య వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి ఆయన చేతి మీద తన చెయ్యి వేసింది.

"వద్దమ్మా, తీసుకోకు" అంది ఆ వచ్చినావిడతో. "మా పిల్లి పోయింది దీంతోనే. ఈయన ఇచ్చారు, నేను నోరు తెరిచి పట్టుకున్నాను. పక్కింటావిడ ఏ మందూ పెట్టలేదు."

మామయ్య ముందు తేరుకున్నారు. ఆ వచ్చినావిడ వైపు చూసి జాలిగా నవ్వి, "పిల్లి పోయిన దగ్గర్నుంచి మా ఆవిడకి మతి నిలకడగా ఉండటం లేదమ్మా. ఏదేదో ఊహించుకుంటోంది" అన్నారు. అంతటితో ఆగలేదు. అత్తయ్య వైపు తిరిగి, "నిద్ర సరిగ్గా లేదు నీకు. నువ్వూ ఒక సగం వేసుకుని పడుకో" అని ఆ పసుపు మాత్రే చాపారు.

ఆ వచ్చినావిడ దిక్కుతోచక నన్ను చూసింది. "ఏమ్మా, ఏది నిజం?"

మా ఆయన కూడా నన్నే చూశాడు. ఆ చూపులో బతిమాలడం ఉంది, బెదిరింపూ ఉంది. నేను లోపలికెళ్ళి రెండు ముక్కలూ తెచ్చి బల్ల మీద అంచుకి అంచు కలిపి పెట్టాను. "మా అత్తయ్య చెప్పిందే నిజం. ఆవిడకి మతి బాగానే ఉంది" అన్నాను. ఆ వచ్చినావిడ చదవలేదు, సంచిని గుండెకి అదుముకుని వెళ్ళిపోయింది.

ఇక చూడండి మా ఇంటి భాగోతం. తప్పు చేసినాయన మంచం ఎక్కి గోడ వైపు తిరిగి పడుకున్నారు. "ఈ ఇంట్లో నా మాటకి విలువ లేదు, నాకు భోజనం వద్దు" అన్నారు. మా ఆయన వెళ్ళి తండ్రి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఆడపడుచు ఫోనులో ఏడ్చింది. అందరూ కలిసి అత్తయ్య మీద పడ్డారు. పరాయి మనిషి ముందు అలా అంటావా అమ్మా, నాన్న పస్తుంటే చూస్తూ ఊరుకుంటావా అమ్మా అని. పిల్లి పోయింది ఆవిడకి, స్నేహం పోయింది ఆవిడకి, ఓదార్పు మాత్రం ఆయనకి.

అత్తయ్య పళ్ళెంలో భోజనం వడ్డించి తీసుకెళ్ళి మంచం పక్కన పెట్టింది.

"తినండి. తిన్నాక పక్కింటికి వెళ్ళి ఆవిడతో ఒక్క మాట చెప్పి రండి" అంది.

"ఒక పిల్లి కోసమా? నోరులేని జీవి, దాని రాత అంతే అనుకోవాలి గానీ."

"నోరులేనిది అదొక్కటే కాదండీ ఈ ఇంట్లో" అంది అత్తయ్య. ఆవిడ గొంతు పెరగలేదు. "దానికి నోరుంటే మీ చేతిలోది మింగేది కాదు. నాకు నోరుండి కూడా దానిచేత మింగించాను. ఇక ఆ నోరు మూసుకుని ఉండలేను."

ఆవిడే పక్కింటికి వెళ్ళింది. నేను గేటు దగ్గర నిలబడ్డాను. తలుపు కొద్దిగా తెరుచుకుంది. అత్తయ్య చెప్పింది, దాచకుండా అంతా చెప్పింది. చెప్తూ ఏడ్చింది. బట్టలు కుట్టే ఆవిడ తలుపు పట్టుకునే విన్నది.

"నాకు తెలుసు వదినా. నేను పెట్టలేదని నాకు తెలియదా?" అంది చివరికి. "నువ్వు ఒక్కదానివి వచ్చి నా గుమ్మంలో గుసగుసగా చెప్తే నాకేం ఒరుగుతుంది? నేను విషం పెట్టానని అన్నది వీధిలో. చెప్పేదేదో వీధిలోనే చెప్పించు."

తలుపు మూసింది. అత్తయ్య తిరిగొచ్చేసరికి పళ్ళెం ఖాళీగా ఉంది. "నాన్న తిన్నాడు" అన్నాడు మా ఆయన, గండం గడిచినట్టు. మామయ్య మాత్రం పక్కింటి గడప తొక్కలేదు. తొక్కరు కూడా.

ఇప్పుడు మధ్యాహ్నం పనులయ్యాక అత్తయ్య మా గేటు బయట, పక్కింటి కిటికీకి దగ్గరగా, కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఒళ్ళో బిస్కెట్ల డబ్బా. మందు కోసం వచ్చినవాళ్ళకీ, ఊరికే వెళ్తున్నవాళ్ళకీ, ఆగినవాళ్ళందరికీ అదే చెప్తుంది. "మా పిల్లిని చంపుకున్నది మేమే. ఇదిగో ఈ మాత్రతో. పక్కింటావిడకి ఏ పాపం తెలియదు." కొందరు తలూపుతారు. కొందరు మా ముందుగదిలోకి తొంగి చూస్తారు. లోపలి నుంచి మామయ్య నుదుటి దగ్గర వేలు తిప్పి, ఆవిడకి మతి లేదని సైగ చేస్తారు. ఎవరిని నమ్మాలో వాళ్ళే తేల్చుకుని పోతారు.

అత్తయ్య ఆ మాట మొదలుపెట్టగానే పక్కింట్లో కుట్టుమిషను ఆగిపోతుంది. మాట పూర్తయ్యాక మళ్ళీ మొదలవుతుంది. కిటికీ మాత్రం ఇంతవరకూ తెరుచుకోలేదు.